మూసిన గదిలోంచి సిగ్నల్

దయ్యాల కబుర్లంటే నాకు ఒళ్ళుమంట. అలాంటి నాకు, చీరల పనికి వలసొచ్చి ఉంటున్న గోడాదరాలోని మా ఇంట్లోనే, పట్టపగలు ముచ్చెమటలు పోశాయి.

అన్న ధనిష్ఠా పంచకంలో పోయాడు. ఆర్నెల్లు ఆయన గది తెరవొద్దు, అందులోంచి గుడ్డపేలిక కూడా బయటికి తేవొద్దు అన్నాడు పంచాంగం చూసిన అయ్యగారు. అమ్మ తాళం వేసి చెవి కొంగున కట్టుకుంది. సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, నేసే చీరలకు అన్న కంప్యూటర్లో డిజైన్లు గీసేవాడు. చివరిగా గీస్తున్న పూలంచు సగంలో ఆగి ఆ గదిలోనే ఉండిపోయింది. అది నాకు కావాలి. ఆయన గీతను ఇంకెవరో పూర్తిచేస్తే నేను తట్టుకోలేను.

ఒక మధ్యాహ్నం నా కొత్త కంప్యూటర్లో వైఫై జాబితా తెరిస్తే ‘సాంచా’ అని కనిపించింది. ఇంటర్నెట్ లేకుండా మా ఇద్దరి కంప్యూటర్లను నేరుగా కలపడానికి అన్న పెట్టిన వైఫై పేరది. ఆయన కంప్యూటర్ నడుస్తుంటేనే వస్తుంది.

“అమ్మా, అన్న కంప్యూటర్ నడుస్తున్నదే!”

“ఏందీ? గా గదిల ఎవరున్నరే నడపనీకి?” అమ్మ చేతులెత్తి దండం పెట్టింది. “జర దాని జోలికి పోకు బిడ్డా. బంద్ చెయ్.”

నేను వింటానా? నొక్కితే కలవలేదు. కొత్త కంప్యూటర్లకు ఈ పాత పద్ధతి గిట్టదు. కలవని ఆ కనెక్షన్ చెరిపేశాను, పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టాను, చివరికి అడ్రసు అంకెలు నేనే ఇస్తే కలిసింది. ఫోల్డర్ తెరిచాను. అంచు సగంలో ఆగి లేదు. తీగకు కొత్త పూలున్నాయి.

భయమేసింది, ఏడుపూ వచ్చింది. సాయంత్రానికి ‘సాంచా’ మాయం. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది, ఇంకో పువ్వుతో. కానీ ఆ పువ్వు రేకు వంకర. ‘అంత చెయ్యి తిరిగినవాడివి, పోగానే పని మరిచిపోయావా?’ అని అన్నను తిట్టుకుంటూ రేకు సరిచేశాను. తన ప్రతి పువ్వు నడుమా ఆయన పెట్టే చుక్క కూడా పెట్టి సేవ్ చేశాను.

తర్వాతి మధ్యాహ్నం ఆ మూసిన తలుపుకు చెవి ఆనించాను. లోపల మౌస్ టిక్కుమంది. వెంటనే ఏడుపు. అది అన్న గొంతు కాదు. ఆ వేళకు పర్వత్ పాటియా మార్కెట్లో చీరలు మడతపెడుతూ ఉండాల్సిన మా వదినది. ఆ గదికి గ్యాలరీ వైపు, అదే బాల్కనీ వైపు, ఇంకో తలుపుందని, దానికి ఎవరూ తాళం వేయలేదని అప్పుడు తట్టింది.

“నువ్వేనా?” అంటోంది వదిన. “నేను తప్పు గీస్తే దిద్దినవా? ఇంక పోకు. జర ఉండు. నేను రోజూ వస్త.”

‘నేనే వదినా’ అని నోటిదాకా వచ్చింది. కానీ వెళ్ళి నా కంప్యూటర్ ముందు కూర్చుని, ఆమె గీయబోయే పువ్వు కోసం ఎదురుచూశాను.