సున్నం వద్దన్న ఖాలా

నా చిన్నప్పుడు మేము గోదావరి పక్కన బొగ్గుగని క్వార్టర్లలో ఉండేవాళ్లం. పొద్దుటి షిఫ్టు దిగి వచ్చాక మా బాపు ట్రాక్టర్ల బ్యాటరీలు ఇంటికి తెచ్చి బాగుచేసేవాడు. ఎప్పుడు చూసినా అలసిపోయే ఉండేవాడు. ఆ ఎండాకాలం సాయంత్రం కళ్లు మూతలు పడుతుండగా యాసిడ్ పోస్తూ, ముంజేతి మీద ఒలకబోసుకున్నాడు.

ఆ వారమే బడిలో తటస్థీకరణం పాఠం అయింది. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయని, చివరికి ఉప్పూ నీళ్లూ మిగులుతాయని నాకు కంఠతా వచ్చు. బాపు కేక వినగానే, అవ్వ తమలపాకులకు వాడే సున్నం డబ్బా పట్టుకుని పరుగెత్తాను.

కేక విని పక్కింటావిడ వచ్చింది. పిన్నిని పిలిచినట్టు ఆమెను మేము ఖాలా అనేవాళ్లం. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "సున్నం పెట్టకు బిడ్డా! నీళ్లు, జల్ది!"

మా కుండలో నీళ్లు అడుగంటాయి. నల్లా మరునాటికి గానీ రాదు. ఖాలా తన ఇంట్లోంచి ఒక్కో బిందే మోసుకొచ్చి బాపు చేతి మీద ధారగా పోసింది. అది రంజాన్ నెల. ఆమె రోజా ఉంది, పొద్దుట్నుంచి గొంతు తడపలేదు.

"ఇగ సాలక్కా, మీకు నీళ్లుండయి" అన్నాడు బాపు.

"ఊకో భయ్యా. నీళ్లు రేపొస్తయి."

బాపును దవాఖానకు పంపాక, సున్నం ఎందుకు వద్దన్నావని అడిగాను. ఆమె గోడకు చేరగిలబడింది.

"మా అన్న మీద గిట్లనే పడ్డది. మేమే సున్నం రుద్దినం. రెండు కలిసి సుర్రుమన్నయి. యాసిడ్ సచ్చింది గని, గా వేడికి తోలు గూడ ఊడొచ్చింది బిడ్డా."

పొద్దుగూకి మసీదు నుంచి అజాన్ వినిపించేసరికి ఆమె ఇంట్లో చుక్క నీరు లేదు. మా కుండ వంచి అవ్వ తెచ్చిన అరచెంబు నీళ్లతోనే ఆమె ఉపవాసం విడిచింది.

బాపు చేతికి చిన్న మచ్చ మాత్రం మిగిలింది.

తర్వాత ఎన్నో ఏళ్లు సైన్సు టీచరుగా పనిచేశాను. రక్తంలో పాము విషాన్ని మందు విరిచేయడం, సీసాలో ఆమ్లాన్ని క్షారం విరిచేయడం, రెండూ పిల్లలకు చెప్పాను. సమీకరణం రాసిన ప్రతిసారీ పక్కనే 'వేడి' అని పెద్దగా రాసేదాన్ని. ఇప్పుడు రిటైరయ్యాను, ఒంట్లో ఓపిక లేదు. అయినా ఎవరికైనా మేలు చేయబోయే ముందు, ఆ మేలు వాళ్లను ఎక్కడ కాలుస్తుందోనని నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.