పక్కన కూచునే మనిషి

2023 ఎండాకాలం. అప్పటికే హైటెక్ సిటీలో ఒక ఐటీ కంపెనీ మొబిలిటీ విభాగంలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మొబిలిటీ అంటే కొన్ని నెలల కాంట్రాక్టు పని మీద విదేశాలకి వెళ్ళే ఉద్యోగులకి వీసా, ఇల్లు, ఇన్సూరెన్స్, టికెట్లు అన్నీ చూసిపెట్టే పని. మాది కాకినాడ. ఇక్కడికొచ్చి స్థిరపడ్డాక వేలమందిని విమానం ఎక్కించాను గానీ, నేను మాత్రం సింగపూర్ దాటి వెళ్ళలేదు.

వెళ్ళేవాళ్ళు అడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. ఊరగాయ ఎన్ని కిలోలు పట్టుకెళ్ళచ్చు, కుక్కర్ ఆపుతారా, మన ప్లగ్గు అక్కడ పడుతుందా. నేను చెప్పాలనుకునేవి వేరే ఉంటాయి. సర్టిఫికెట్ ఆఫ్ కవరేజ్ అని ఒకటుంది. ఇక్కడ పీఎఫ్ కడుతున్నాం కాబట్టి ఆ దేశంలో మళ్ళీ కట్టక్కర్లేదని చూపించే కాగితం. బీపీ మాత్రలకి డాక్టరు చీటీ మందు అసలు పేరుతో ఉండాలి, ఎందుకంటే మన బ్రాండు పేరు అక్కడి మందుల షాపులో ఎవరికీ తెలియదు. ఇవి చెబుతుంటే సగంమంది ఫోన్లు చూసుకుంటారు. ఊరగాయ మాట ఎత్తితే చాలు, అందరూ తలెత్తుతారు.

ఆ ఎండాకాలంలో శ్రీశైలం ఫైలు నా దగ్గరికొచ్చింది. ఆయన ఇన్సూరెన్స్ సాఫ్ట్‌వేర్‌లో లీడ్ ఇంజనీరు. నెదర్లాండ్స్‌లో ఒక క్లయింటు తమ పాత సిస్టమ్‌ని కొత్తదానిలోకి మార్చడానికి ఆరు నెలలపాటు ఆయన్నే పంపమన్నాడు. ఆయన వెళితే ఆ పని మాది, లేకపోతే వేరే కంపెనీది. పని పోతే ఆయన దగ్గరుండి తయారుచేసుకున్న టీమ్ అంతా బెంచి మీదకి పోతుంది. ప్రాజెక్టు లేకుండా ఎదురుచూడడాన్ని మేం బెంచి అంటాం. ఈ రోజుల్లో అక్కడ ఎవర్నీ ఎక్కువకాలం కూచోనివ్వరు.

చిక్కు ఏమిటంటే, అంతకుముందు ఏడాది ఆయన జర్మనీ వెళ్ళి నెల తిరక్కుండానే వచ్చేశాడు. దాన్ని ఎర్లీ రిటర్న్ అంటాం. ఫైల్లో ‘ఆరోగ్య కారణాలు’ అని ఉంది. ఇక్కడ చేసిన పరీక్షలేమో అన్నీ నార్మల్. మళ్ళీ పంపచ్చా లేదా అన్నది నా సంతకం మీద ఆధారపడింది. ఇంకోసారి మధ్యలో వచ్చేస్తే ఆయన్ని ఇక ఎక్కడికీ పంపరు.

పిలిపించాను. ఆరడుగుల మనిషి, కుర్చీలో ఒదిగి కూచున్నాడు.

“అక్కడ అసలేం జరిగిందండీ?” అన్నాను.

“పానం బాగనే ఉండె మేడమ్. ఒక్కణ్ణే కూసొని తినుడు కాలే.”

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వకపోయేసరికి ఆపుకున్నాను.

వాళ్ళది హైటెక్ సిటీ పక్కనే ఉన్న కొత్తగూడ. ఫ్లైఓవర్ రాకముందు నుంచీ అక్కడివాళ్ళు. ముగ్గురు అన్నదమ్ములు ఒకే బిల్డింగులో తలో అంతస్తులో ఉంటారు. వంట మాత్రం కింద ఒకచోటే. ఆ ఇంట్లో ఎవరు ఎంత ఆలస్యంగా వచ్చినా, తింటున్నవాళ్ళ పక్కన ఇంకొకరు కూచోవాలి. వాళ్ళు తినేసి ఉన్నా సరే, మాట్లాడకపోయినా సరే. ఆఫీసులోనేమో టీమ్ అంతా కలిసి క్యాంటీన్‌కి వెళ్ళేవారు. అలా ఆయన నలభైకి దగ్గరపడే దాకా ఒక్క పూట కూడా ఒంటరిగా తినలేదు. ఆ సంగతి ఆయనకైనా జర్మనీలోనే తెలిసింది. అన్నం వండుకుని, కంచంలో పెట్టుకుని, దాన్నే చూస్తూ కూచుని, తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టేవాడట. చివరికి ఆఫీసులో కళ్ళు తిరిగి పడ్డాడు.

“ఇంటివాళ్ళతో వీడియో కాల్ పెట్టుకుని తినాల్సింది,” అన్నాను.

“పెట్టిన మేడమ్. ఫోన్ల వాళ్ళందరు కల్సి కూసుంటరు, నేనొక్కణ్ణి ఈడ. ఇంకింత ఎక్కువైతుండె.”

వద్దని రాసేద్దామనే అనుకున్నాను. ఆయనే అన్నాడు, “జర టైమియ్యండి. నేర్చుకుంటా. ఇప్పుడు నా ఫికర్ కాదు, పిల్లలున్నరు టీమ్‌ల.” పెళ్ళిళ్ళై ఈఎంఐలు కడుతున్న ఇంజనీర్లని పిల్లలు అనడం నాకు నచ్చింది. సరే అన్నాను.

ఆయన చేసిన పని ఇంతవరకు ఎవరూ చేయగా నేను వినలేదు. చందానగర్ మార్కెట్ దగ్గర ఒక గది కిరాయికి తీసుకుని, ఆఫీసు నుంచి తిన్నగా అక్కడికి వెళ్ళి ఒంటరిగా ఉండడం మొదలుపెట్టాడు. విదేశానికి రిహార్సల్ అన్నమాట. మొదటిరోజు సాయంత్రమే ఇంటికి వచ్చేశాడు. ఆయన భార్య లావణ్య గేటు తీయలేదు. ఈ ముచ్చట తర్వాత ఆమే నాకు ఫోన్లో చెప్పింది.

“తిన్నవా అని అడిగిన. లే అన్నడు. తినే రా, అప్పుడు తీస్తా అన్న. పైనుంచి మా అత్త ఒకటే లొల్లి, కొడుకును గేటు బయట నిలబెడ్తవా అని. నాకు మాత్రం సంబురమా మేడమ్? ఇటు తిరిగి ఏడ్సిన.”

అత్తగారు ఊరుకోలేదు. మర్నాడు పెద్దకొడుకు చేత టిఫిన్ డబ్బా పంపించింది. అన్నగారు డబ్బా ఇచ్చి ఊరికే రాలేదు, తమ్ముడు తినేదాకా పక్కనే కూచున్నాడు. రిహార్సల్ కాస్తా పెరుగన్నంలో కలిసిపోయింది. లావణ్య బావగారికి చందానగర్ వెళ్ళొద్దని గట్టిగా చెప్పింది. ఆ ఇంట్లో చిన్నకోడలు అలా చెప్పడం అదే మొదటిసారి అనుకుంటాను.

కొన్నాళ్ళకి శ్రీశైలం మొహం వెలిగిపోతూ నా దగ్గరికొచ్చాడు. గదిలో ఒంటరిగా తినడం నేర్చుకున్నాడేమో అనుకున్నాను. అది కాదు. ఆయన పక్కగదిలో ఒడిశా నుంచి వచ్చిన వడ్రంగి ఒకడు ఉంటాడట. ఒకరోజు తట్టుకోలేక వెళ్ళి తలుపు కొట్టి, అన్నం ఎక్కువైంది, రా అని పిలిచాడు. ఇద్దరూ కలిసి తిన్నారు.

“నాకు ఇంటోళ్ళే ఉండాల్నని లేదు మేడమ్. మనిషుంటే చాలు. గింతదానికి పరేషానైన.”

నేను సంతకం పెట్టాను. దాంతోపాటు ఇంకో పని చేశాను. ఆయన హోదాకి వంటగదితో సహా విడి స్టూడియో ఫ్లాట్ ఇవ్వాలి. నేను వంటగదీ భోజనాల బల్లా అందరికీ కలిపి ఉండే షేర్డ్ ఫ్లాట్ వెతికాను. పాలసీకి భిన్నంగా ఏదైనా ఇవ్వాలంటే ఎక్సెప్షన్ పెట్టి అనుమతి తెచ్చుకోవాలి. అందరూ పెద్ద ఇల్లు కావాలని పెడతారు. చిన్నది కావాలని పెట్టింది మేమే. పై ఆఫీసు నుంచి పొరపాటున రాశారా అని ఫోనొచ్చింది.

వెళ్ళాడు. నాలుగు నెలలు దాటి ఉండేవాళ్ళు అక్కడి మునిసిపాలిటీలో పేరు రాయించుకోవాలి, అది అయింది. బ్యాంకు ఖాతా అయింది. వారం వారం నేను చేసే ఫోన్లో మాత్రం, మిగతావాళ్ళని అడగని ప్రశ్న ముందుగా అడిగేదాన్ని, తిన్నారా అని.

మొదటి వారం గొంతు నీరసంగా ఉంది. “బల్ల ఉన్నది మేడమ్, మనుషులున్నరు. ఎవ్వరు కూసుంటలేరు. కంచం పట్టుకొని రూమ్‌లకు పోయి తలుపేసుకుంటరు.” ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. జర్మనీ కథే మళ్ళీ మొదలైందని, ఇంత చేసి ఆ మనిషిని నేనే ముంచానని భయపడ్డాను.

తర్వాతి వారం ఆయన చెప్పింది వేరే కథ. ఆ ఫ్లాట్‌లో పోర్చుగల్ నుంచి వచ్చిన ఇంజనీరు ఒకతను ఉన్నాడు. రోజూ పని నుంచి ఆలస్యంగా వచ్చి, వంటగదిలో నిలబడే ఏదో తినేవాడు. శ్రీశైలం వెళ్ళి కుర్చీ లాక్కుని ఆ పక్కనే కూచున్నాడు. ఏమైనా కావాలా అని అతను అడిగితే, ఏం వద్దు, నువ్వు తిను అన్నాడు. మర్నాడు మళ్ళీ కూచున్నాడు. అతనికి మొదట వింతగా ఉండి ఉంటుంది. మూడు నాలుగు రోజులకి తనూ కుర్చీ లాక్కున్నాడు. ఆ వారాంతంలో శ్రీశైలం పప్పన్నం కలుపుకుంటుంటే, అప్పటికే తినేసిన ఆ పోర్చుగల్ మనిషి గదిలోంచి వచ్చి ఎదురుగా కూచున్నాడు. ఎవరూ చెప్పలేదు. కొత్తగూడ ఇంటి పద్ధతి అతనికి ఎలా అర్థమైందో నాకు తెలియదు.

ఆరో నెల చివర్లో ఫోన్ చేశాడు. “టికెట్ మార్చాలె మేడమ్.”

మళ్ళీ మధ్యలో వచ్చేస్తున్నాడనుకున్నాను. “ఇంకొన్ని రోజులేగా ఉంది, ఇప్పుడు ముందుకెందుకండీ?”

“ముందుకు కాదు, ఒక్కరోజు ఎనుకకు. ఆదివారం అందర్ని తిననీకి పిలిచిన. ఫ్లాట్‌లోళ్ళు, ఆఫీసోళ్ళు. పిలిచినోణ్ణి నేనే లేకుంటే ఎట్ల?”

పర్మిట్ గడువు చూశాను. సరిపోయింది, మార్చాను. ఫోన్ పెట్టేసే ముందు ఆయన అన్నాడు. “ఆ పోర్చుగల్ పిలగాడు నిన్న అడిగిండు మేడమ్, ఇగ నువ్వు పోతే నా పక్కన ఎవరు కూసుంటరని. ఏం చెప్పాల్నో తెల్వలే.”

మా పాలసీలో దానికి జవాబు లేదు. ఇల్లూ ఇన్సూరెన్సూ చూసిపెడితే మనిషి నిలబడతాడని నేను అంతకాలం అనుకున్నాను. ఇప్పుడు వెళ్ళబోయే వాళ్ళకి ఊరగాయ లెక్క చెప్పేశాక రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. అక్కడ మీ పక్కన కూచునేది ఎవరు? మీరు ఎవరి పక్కన కూచుంటారు? మొదటిదానికి చాలామంది నవ్వేసి ఊరుకుంటారు. రెండోది విన్నాక కొందరు ఆలోచనలో పడతారు. అలా ఆలోచనలో పడ్డవాళ్ళెవరూ మధ్యలో తిరిగిరావడం నేనింకా చూడలేదు.