ప్రార్థన మనవిలో పేము కుర్చీ

బకెట్లో నానిన పేము బద్దెను పైకి లాగి, గుడ్డతో తుడిచి, మెరిసే వైపు పైకి ఉండేలా కుర్చీ చట్రం రంధ్రంలో దూర్చాను. అవతలి రంధ్రం చేరకముందే విరిగింది. అది మూడోది.

"అక్కా, ఇది సుత కనుబొమ్మ లెక్కనే అయితది చూడు," అంది హదస్సా, గుమ్మంలో కూర్చుని టీ తాగుతూ.

హదస్సా నా చెల్లెలు. ఆ మాట అనే హక్కు దానికుంది. మా ఆయన ఎరిక్, నేనూ విడిపోయిన మూడో నెలలో బ్యూటీషియన్ కోర్సులో చేరి, మొదట దాని ముఖం మీదే సాధన చేశాను. కుడి కనుబొమ్మ బాగానే కుదిరింది. ఎడమది ఆరు వారాలకు మళ్ళీ మొలిచింది. తర్వాత కంప్యూటర్ అకౌంట్స్ నేర్చుకున్నాను. సర్టిఫికెట్ వచ్చింది, అకౌంట్స్ రాలేదు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో నేను బాగా నేర్చిన పని ఒకటే: మనిషి కోపంగా ఉన్నప్పుడు గదిలోంచి చప్పుడు కాకుండా బయటికి రావడం. దానికి ఎవరూ జీతమివ్వరు.

ఆ కుర్చీ మా అమ్మది. సీటు సగం చిరిగింది. అల్లేవాళ్ళ కోసం సీతాఫల్‌మండి అంతా తిరిగితే ప్లాస్టిక్ వైరు వేస్తామన్నారు. సరే, మిగిలిన సగాన్ని చూసి పోయిన సగాన్ని నేనే అల్లుదామని కూర్చున్నాను. ఏ బద్దె దేని మీదుగా పోయిందో, దేని కిందుగా వచ్చిందో నోటుపుస్తకంలో గీసుకున్నాను. నిలువు, అడ్డం బద్దెలు సులువే. ఐమూలగా వేసేవే పరువు తీస్తాయి. ఒక్కచోట పైనుంచి పోవలసింది కిందినుంచి పోతే ఆ వరుసంతా బిగుసుకుపోతుంది. నాలుగు నెలల్లో తొమ్మిదిసార్లు విప్పాను. పదోసారి నిలిచింది. దాని మీద కూర్చుని ఏడ్చాను. హదస్సా ఫోటో తీసింది.

మర్నాడే వెయ్యి కార్డులు కొట్టించాను. 'డోరా కేన్ వర్క్స్. ప్రొప్రైటర్: డోరా.' సంస్థ సిబ్బంది మొత్తం ఆ కార్డులోనే ఉంది. వాట్సాప్ స్టేటస్ పెడితే నలభై మంది చూశారు. బొటనవేలు చూపించింది ఒక్కరే. ఎరిక్.

మా చర్చిలో ఆదివారం ప్రకటనలుంటాయి. పెళ్ళిళ్ళు, స్త్రీల సమాజం కూడిక, ఎవరో మరిచిపోయిన గొడుగు. 'పేము కుర్చీలు అల్లబడును' అని చీటీ రాసి, ఫోన్ నంబరు వేసి, పాస్టర్ జ్ఞానశేఖర్ అయ్యగారికిచ్చాను. ఆయన చాలా మంచివారు. చిక్కంతా అక్కడే వచ్చింది. నా చీటీని ప్రకటనల్లోంచి తీసి ప్రార్థన మనవుల్లో కలిపారు.

"మన సహోదరి డోరాగారు భర్తకు దూరమై, కుర్చీలు అల్లుకుంటూ ఒంటరిగా శ్రమపడుతున్నారు. ఆమె నిమిత్తం ప్రార్థించండి. మీ ఇళ్ళలో కుర్చీలుంటే ప్రేమతో ఇవ్వండి."

సంఘమంతా కళ్ళు మూసుకుంది. నేను మాత్రం తెరిచి, తలుపు ఎంత దూరముందో చూసుకున్నాను.

ఆ వారం ఎనిమిది మంది వచ్చారు. ఐదుగురు బియ్యం తెచ్చారు. ఇద్దరు ఎరిక్‌తో మాట్లాడతామన్నారు. దేవకృప ఆంటీ ఒక్కరే కుర్చీ తెచ్చారు. సీటు మధ్యలో నలుచదరంగా కోసి ఉంది.

"ఇలా ఎలా చిరిగిందాంటీ?"

"చిరగలేదమ్మా. నీకు పని ఉండాలని నేనే కత్తితో కోశా. ఎలా చేసినా పర్లేదు, మేమేమీ అనుకోం."

ఎలా చేసినా పర్లేదట! నాకు కావలసింది తిట్టే గిరాకీ. నన్ను కాకుండా కుర్చీని చూసే మనిషి. అలాంటివాళ్ళు ఒక్కరూ దొరక్కపోతే ఇది వ్యాపారం కాదు, చందా.

ఇంట్లో వెలుతురు చాలక ఆంటీ కుర్చీని గేటు దగ్గర పెట్టుకుని అల్లుతున్నాను. పక్కనే పిండిమర. గోధుమలు పట్టించడానికి వచ్చిన ఒక పెద్దావిడ పావుగంట నా చేతులనే చూసింది. పేరు విమలమ్మ, రిటైరైన టీచరు, ఇల్లు మారేడ్‌పల్లి. మా చర్చి మనిషి కాదు కాబట్టి ప్రార్థన సంగతి తెలియదు.

"ఏందమ్మా, ఆ బద్దె కిందికెళ్ళి పోవాలె గదా?"

చూశాను. పోవాలి. విప్పాను. సిగ్గుపడాల్సింది పోయి, నవ్వొచ్చింది.

"నవ్వుతవేంది? మా ఇంట్ల గిట్లాంటివి ఆరున్నయి. ఒకటి ఇస్తా. మంచిగ రాకపోతే మిగతా ఐదు ఇయ్య. ముందుగాలనే చెప్తున్న, తర్వాత మొఖం మాడ్చుకోవద్దు."

"మాడ్చుకోనండి."

ఆ ఒక్క కుర్చీకి పది రోజులు పట్టింది. పూర్తయ్యిందనుకున్నాక మళ్ళీ రెండు వరుసలు విప్పితే హదస్సా నెత్తి కొట్టుకుంది.

"గా పెద్దామెకు అంత సన్నది కనిపిస్తదా అక్కా?"

"నాకు కనిపిస్తోందే."

ఆటోలో తీసుకెళ్ళి ఆమె హాల్లో దించాను. విమలమ్మ కుర్చీని తలకిందులు చేసి ముళ్ళు చూసింది. నిలబెట్టి, సీటును బొటనవేలితో నొక్కుతూ వచ్చింది. ప్రొప్రైటర్‌లా నిలబడదామనుకుని, హోంవర్క్ చేయని పిల్లలా నిలబడ్డాను.

"మీ ఆయన ఏం జేస్తడు?"

అయిపోయింది, ఇక బియ్యం తెస్తారు అనుకున్నాను. "మేం విడిపోయామండి. ఏడాదిన్నరైంది."

"అట్లనా," అంది. వేలు ఒక మూల ఆగింది. "మరి ఈ మూల ఎందుకు జెర లూజుంది?"

వంగి చూశాను. నిజమే. "అక్కడ బద్దె లాగి పట్టలేదండి. పొరపాటు నాదే."

"ఇప్పుడే జేసి పో."

చెంబుతో నీళ్ళడిగాను. నేల మీద కూర్చుని, మూల తడిపి, అడుగున ముడి విప్పి, బద్దెను వరుస వెంట బిగించుకుంటూ వచ్చి, పుల్లతో అదిమి మళ్ళీ ముడి వేశాను. గంట పట్టింది. ఆమె అంతసేపూ పక్కనే నిలబడింది. చివరికి మళ్ళీ నొక్కి చూసి, తలూపి, కూర్చోబోయింది.

"కూర్చోకండి!" అని అరిచాను.

"నా కుర్చీల నన్ను కూసోవద్దంటవా?"

"మూల తడిగా ఉందండి. రేపటిదాకా ఆరాలి. ఇప్పుడే కూర్చుంటే కుంగుతుంది."

నన్నొకసారి, కుర్చీనొకసారి చూసింది. రెండు చేతులా ఎత్తి తీసుకెళ్ళి ఫ్యాన్ కింద పెట్టి, లోపలికి కేకేసింది.

"ఇంట్ల అందరికి చెప్తున్న, ఈ కుర్చీల రేపటిదాంక ఎవ్వరు కూసోవద్దు!" తర్వాత నావైపు తిరిగింది. "మిగతావి రెండు రెండు తీస్కపో. అన్ని ఒక్కసారే ఇస్తే మేం నేల మీద కూసోని తినాల్నా?"