హాస్యం చెప్పే మనిషి వేరే పార్టీకి పోయాక

మా బుర్రకథ దళంలో ముగ్గురం. మా ఆయన తంబూరా పట్టి కథ చెప్పేవారు. నేను కుడిపక్కన గుమ్మెట వాయిస్తూ రాజకీయం చెప్పేదాన్ని. ఎడమపక్కన మా అన్నది హాస్యం. నరసన్నపేట చుట్టుపక్కల మా ఎర్రజెండా పార్టీ సభలకు జనం వచ్చేది అతనికోసమే. ఉపన్యాసాలు ఓపిగ్గా భరించి, అతను గుమ్మెట తగిలించుకోగానే నవ్వడం మొదలుపెట్టేవారు.

అరవైల చివర్లో పార్టీ చీలింది. ఓట్లతో పేదలకు భూమి రాదంటూ కొందరు బయటికి పోయి చిన్న పార్టీ పెట్టుకున్నారు. వాళ్ళంతా ఒక్క జట్కాలో పట్టేస్తారని మావాళ్ళు ఎగతాళి చేశారు. ఆ కొందరిలో మా అన్న ఉన్నాడు.

ఆ సంగతి చెప్పడానికి పొద్దున్నే మా ఇంటికొచ్చాడు.

"బావా, నానింక కథకి రాను," అన్నాడు.

"పార్టీ మారితే మారు. కథకేటయింది?" అన్నారు మా ఆయన.

"సివర్న ఓటెయ్యమని సెప్తావు కదా. దానికి నాను వంతెలా పాడతాను?"

అన్న నావైపు తిరిగి, "నువ్వొస్తావేటి సెల్లీ?" అన్నాడు.

"ఇల్లొదిలి నానెక్కడికొస్తాను," అన్నాను. తలూపి, నేనిచ్చిన అంబలి తాగి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు సంతలో వాళ్ళ సభ జరిగింది. అన్న ఎడ్లబండెక్కి కౌలు రైతుల కష్టం గురించి మాట్లాడాడు. జనం పాత అలవాటుకొద్దీ నవ్వారు. అతని మొహం కందిపోయింది. హాస్యం కాదని తెలిశాక ఒక్కొక్కరే బేరాలకు పోయారు. ఎండుచేపల దుకాణాల దగ్గర నిలబడి నేను చివరిదాకా విన్నాను. తిరిగి చూస్తే, కాస్త దూరంలో మా ఆయన కూడా ఉన్నారు.

అన్న స్థానంలో ఒక దర్జీని పెట్టుకున్నాం. ఎక్కడికెళ్ళినా జనం, "పాతాయనేడి?" అని అడిగేవారు. చివరికి కథలు మానేశాం.

తర్వాత పోలీసుల దాడులు మొదలయ్యాయి. ఆ చిన్న పార్టీ మళ్ళీ రెండయింది. జైలుకెళ్ళి వచ్చిన అన్న వరిపొలం పనుల్లో పడ్డాడు. మా ఆయన వెళ్ళి, "ఏ పార్టీ కథా వద్దు బావా. ఊరికే ఏదో ఒకటి సెప్దాం, రా," అని పిలిచారు.

"నవ్వించడం మర్సిపోనాను బావా," అన్నాడు అన్న.

వాళ్ళిద్దరిలో ఎవరి దారి సరైనదో నాకిప్పటికీ తెలియదు. ముగ్గురం కలిసి ఇంకొన్నేళ్ళు ఆడి ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఆ రోజు గట్టుమీద కూర్చుని వాళ్ళిద్దరూ వానల గురించే మాట్లాడుకున్నారు.