ఇంటావిడ సౌండ్‌బార్‌లో మా అమ్మ

విరుదునగర్‌లో ఒక పెద్దావిడ ఇంటికి వెళ్ళి, ఆమె సోఫాలో కూర్చుని, ఆమె ఇచ్చిన కాఫీ తాగి, ఆ కాఫీనీ ఆమెనీ గోడ మీద దండ వేసుకుని ఉన్న ఆమె భర్తనీ ఒకే గుక్కలో అవమానించి, ఆ అవమానాన్ని ఆమె కొత్త సౌండ్‌బార్‌లోనే వీధి చివరిదాకా వినిపించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. అన్నది మా అమ్మ, వినిపించింది నేను. ఇద్దరిలో ఎవరి తప్పు ఎక్కువో మీరే తేల్చండి. మా ఇంట్లో మాత్రం ఆ తీర్పు ఎప్పుడో అయిపోయింది, నాకు అప్పీలు కూడా లేదు.

నాది కోవిల్‌పట్టి. బస్టాండుకు దగ్గర్లో కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం. కొత్త యాప్ వచ్చిందని తెలిస్తే నాకు చేతులు ఊరుకోవు. హాల్లో బల్బుకు మాట వినడం నేర్పించాను. అది నా మాట తప్ప ఇంటికొచ్చిన ప్రతివాడి మాటా వినేది. ఫోనుతో ఆన్ చేసే ప్లగ్గు కొని రైస్ కుక్కర్‌కు తగిలించాను. ఆ రోజు కరెంటు ఉంది, నెట్టు లేదు, మాకు అన్నం లేదు. ఇలాంటి ఘనకార్యాలన్నిటినీ ఫొటోలు తీసి స్టేటస్‌లో పెట్టేవాణ్ణి. నా భార్య వసంత వాటిని చూసి నవ్వే గుర్తు పెట్టేది, ఇంటికొచ్చి నవ్వకుండా మాట్లాడేది.

మా భాష సంగతి కూడా చెప్పాలి, అది తెలియకపోతే జరిగిన ఘోరం మీకు అర్థం కాదు. మాది నల్లరేగడి పల్లెల నుంచి వచ్చిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు చదవడం మావాళ్ళెవరికీ రాదు. నేను పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్నాను, అది కూడా ఒక యాప్‌లోనే, ఎగతాళి చెయ్యకండి. చదవడం రాకపోతేనేం, తెలుగు వల్ల మాకు ఒక మహా ఉపయోగం ఉంది. బట్టల దుకాణంలో గాని, పెళ్ళిలో గాని, ఎదుట తమిళం వాళ్ళున్నప్పుడు మనసులో మాట అనుకోవాలంటే తెలుగులోకి దిగుతాం. ఈ విద్యలో మా అమ్మ ఉద్దండురాలు. ఎదుటి మనిషి కళ్ళలోకి ప్రేమగా చూస్తూ, ముఖం నిండా నవ్వుతూ, తల కూడా ఊపుతూ తెలుగులో ఉతికి ఆరేస్తుంది. చూసేవాళ్ళు దీవిస్తోందనుకుంటారు.

ఇక మా అవసరం. వసంత విరుదునగర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. రోజూ కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా బస్సులో వెళ్ళి వచ్చేది. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో కాస్త తేడా చేసింది. ఇకమీదట బస్సు కుదుపులు వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. రైళ్ళేమో ఆమె డ్యూటీ వేళలకు కుదరవు. అయితే ఉద్యోగం మానాలి, లేకపోతే అక్కడే ఇల్లు చూసుకోవాలి. ఆ ఉద్యోగం వసంత ఎంత ఆశపడి తెచ్చుకుందో నాకు తెలుసు. ఆమె మానేస్తానని నోటితో అన్న రోజు నాకు అన్నం సయించలేదు. కాబట్టి ఇల్లు మారదాం, రైల్లో తిరగడం నా వంతు అనుకున్నాం. తీరా చూస్తే ఇల్లు దొరకదే! చివరికి ఆసుపత్రికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక మేడ మీద భాగం ఖాళీ అయిందని తెలిసింది. ఇంటావిడ ముత్తులక్ష్మి అని, ఒకప్పటి మిరపకాయల వ్యాపారి భార్య. నచ్చనివాళ్ళను గుమ్మంలోనే నిలబెట్టి పంపేస్తుందట.

ఆ శనివారం వసంతకు డ్యూటీ. ఇల్లు దొరికేదాకా ఆ బస్సు తప్పదు. పొద్దున ఎక్కే ముందు నాతో అంది:

"మామా, ఈ ఇల్లు పోతే నాకు ఉద్యోగం పోయినట్టే. ఆడ నీ యాప్ గీప్ ఏమీ వద్దు. సుమ్మా ఊరికే కూచో, నవ్వు, వచ్చేయ్."

"నేనేమన్నా పిల్లోణ్ణా?"

"పిల్లోడైతే నాకు ఈ భయం లేదు."

సరే, అమ్మా నేనూ రైలెక్కాం. ఎక్కాక నా చేతులు ఊరుకుంటాయా? అంతకు ముందు వారమే ఒక అనువాదం యాప్ వేసుకున్నాను. మనం తెలుగులో మాట్లాడితే విని, అంతా అయ్యాక తమిళంలో పైకి చదివేది. మొదట్లో దానికి మా తెలుగు మింగుడుపడలేదు. తరువాత అప్‌డేట్ వచ్చాక అమ్మ మాటలు కూడా చక్కగా పట్టేస్తోంది. కాకపోతే వార్తలు చదివే ఆడగొంతుతో, బడిపుస్తకంలో తప్ప ఎవరూ మాట్లాడని సెంతమిళంలో చెప్పేది. రైల్లో అమ్మ పక్కన పెట్టి ఆన్ చేశాను. అమ్మ కిటికీలోంచి చూస్తూ వాన లేదనో, చేలు ఎండిపోయాయనో అంటూనే ఉంది, యాప్ నా చెవిలో చదువుతూనే ఉంది. దిగే హడావిడిలో చెవిలోని ఇయర్‌బడ్స్ తీసి జేబులో వేసుకున్నాను. యాప్ ఆపానా? ఆపి ఉంటే ఈ కథ ఎందుకు రాస్తాను!

ఇల్లు బంగారంలా ఉంది. వెలుతురు, గాలి, నీళ్ళు, దేనికీ వంక లేదు. వంటింటి కిటికీలోంచి చూస్తే ఆసుపత్రి గోడ కనిపిస్తోంది. నాకు అప్పుడే వసంత ఆ కిటికీ దగ్గర నిలబడినట్టు అనిపించి కడుపు నిండిపోయింది. ముత్తులక్ష్మిగారు కూడా మెత్తబడినట్టే ఉన్నారు. మమ్మల్ని కింద హాల్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. అప్పుడు టీవీ కింద ఉన్న పొడుగాటి పెట్టె చూపించి అన్నారు, తమిళంలోనే, మీకోసం తెలుగు చేస్తున్నాను:

"తంబీ, నువ్వు కంప్యూటర్ మనిషివట కదా? మా అబ్బాయి మదురై నుంచి పంపాడు. పండగ నుంచి అట్టపెట్టెలోంచి తీసి అలాగే పెట్టాను, ఒక్కసారీ పలకలేదు."

కొత్త సౌండ్‌బార్! ఇంకా ప్లాస్టిక్ తొడుగు కూడా తీయలేదు. వసంత మాటలు గుర్తుకు రాలేదా అంటారా? వచ్చాయి. అయితే ఇంటావిడ అడిగాక చెయ్యకపోతే మర్యాద కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

"అదెంత పని పెరియమ్మా!" అని లేచాను. తొడుగు విప్పి, తీగ తగిలించి, నా ఫోనుకు కలిపి, ఒక నాదస్వరం పెట్టాను. హాలు కల్యాణమండపం అయిపోయింది. ఆమె ముఖం విప్పారింది. కాసేపు విని, "చాలు తంబీ, చాలు" అన్నారు. నాదస్వరం ఆపేశాను. ఫోను మాత్రం టీవీ బల్ల మీదే, అమ్మకు బారెడు దూరంలో ఉండిపోయింది.

"ఇల్లు నచ్చిందా అమ్మా?" అని ఆమె అమ్మను అడిగారు.

అమ్మ ఆమె వైపు తిరిగి, లక్ష్మీదేవిని చూసినట్టు చూస్తూ, చిరునవ్వుతో తల ఊపుతూ నాతో తెలుగులో అంది:

"శీనూ, ఇల్లు శానా బాగుండాది. బాగుండాదని చెప్పొద్దు, చెప్తే ఈమె కొండెక్కి కూచుంటాది. బాత్‌రూము చిన్నదని చెప్పు. కాపీ మట్టుకు నోట్లో పెట్టేకి లేదు. ఈమె మొగుడు ఈమెతో ఎట్ట ఏగినాడో, పావం! ఆ పటంలో చూడు, ఇంకా బయపడతానే ఉండాడు."

అమ్మ ఇంకో గుక్క కాఫీ తాగింది. తరువాత సౌండ్‌బార్ గొంతు సవరించుకుంది. ఆ సెంతమిళానికి సరిపోయే తెలుగు ఇదీ:

"శ్రీను! గృహము మిక్కిలి బాగున్నది. బాగున్నదని చెప్పవలదు. చెప్పినచో ఈ స్త్రీ గర్వించును. స్నానపు గది చిన్నదని చెప్పుము. కాఫీ పానయోగ్యముగా లేదు. అయ్యో, ఈమె భర్త ఈమెతో ఏ విధముగా జీవించెనో! చిత్రపటములో సైతము ఆయన భయముతోనే కనిపించుచున్నాడు."

ఎంత స్పష్టంగా ఉందంటే, ఆసుపత్రిలో ఉన్న మా వసంతకు కూడా ఎందుకో ఆ సమయంలో గుండె దడదడలాడిందట, తరువాత చెప్పింది.

ఇంటావిడ కప్పు కింద పెట్టారు. అమ్మ చుట్టూ చూసింది.

"ఎవురురా ఇది? నేను చెప్పిందే చెప్తుండాది!"

"నేను పలికినదానినే పలుకుచున్న ఈ స్త్రీ ఎవరు?" అని అడిగింది సౌండ్‌బార్.

"అయ్యయ్యో! ఆపరా దాన్ని!"

"అయ్యయ్యో! దానిని నిలిపివేయుము!"

నేను ఒక్క గెంతు గెంతి ఫోను పట్టుకున్నాను. అది నా ముఖం చూస్తేగాని తెరుచుకోదు. అంత భయపడిన నా ముఖాన్ని అది అంతకు ముందెప్పుడూ చూడలేదు పాపం, ఎవరో దొంగ అనుకుంది. నంబరు కొడితే అదీ తప్పింది. ఆ కంగారులో శబ్దం తగ్గించే మీట అనుకుని పెంచే మీట నొక్కాను. "చచ్చాన్రా దేవుడా" అని నా నోట్లోంచి తెలుగులోనే వచ్చింది.

"ఇరైవా! నేను మరణించితిని!" అని ఇల్లంతా మోగిపోయింది. ఎదురింటి వాళ్ళెవరో పరుగెత్తుకొచ్చి, "ఎవరు పోయారు?" అని కిటికీలోంచి అడిగారు.

ఇంటావిడ వాళ్ళకు చెయ్యి ఊపి, "ఇంకా ఎవరూ పోలేదు" అన్నారు.

ఆ 'ఇంకా' అన్న మాట విన్నాక నాకు ధైర్యం పూర్తిగా జారిపోయింది. వెళ్ళి సౌండ్‌బార్ తీగ పీకేశాను. పీకితే ఏమైంది? ఫోనే సొంతంగా మాట్లాడడం మొదలుపెట్టింది. అమ్మ "పారేయ్‌రా ఆ సనిని!" అంది. "ఆ శనిని విసర్జింపుము!" అంటూ అది తన్ను తానే తిట్టుకుంది. చివరికి ఎలాగో గొంతు నొక్కాను.

ఇంటావిడ లేచి వెళ్ళి భర్త పటం ముందు నిలబడ్డారు. దండ సరిచేశారు. నా కళ్ళకు వంటింటి కిటికీ కనిపించింది, అందులో వసంత లేదు. నిజం చెబుతున్నాను, నవ్వించడానికి కాదు, అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆమె ఉద్యోగం నా చేత్తో నేనే పోగొట్టాను.

"నిజమే" అన్నారు ఇంటావిడ వెనక్కి తిరగకుండానే. "ఈ ఫొటో తీసేటప్పుడు నేను పక్కనే నిలబడి ఉన్నాను."

అమ్మ తమిళంలో, "అక్కా, తప్పు అయిపోయింది, పెద్దమనసుతో..." అని లేచింది.

"కూర్చోవమ్మా. కాఫీ సంగతి మా అబ్బాయి కూడా అంటాడు." ఆమె నా దగ్గరికొచ్చి, ఫోను వైపు వేలు చూపించి, గొంతు తగ్గించారు. "తంబీ, ఇది ఎవరు తెలుగు మాట్లాడినా ఇలా చెబుతుందా?"

"చె... చెబుతుంది పెరియమ్మా."

"మా కోడలిది సాత్తూరు దగ్గర. మీవాళ్ళే. వాళ్ళ అమ్మానాన్నా వచ్చినప్పుడల్లా ఈ సోఫాలోనే కూర్చుని, నన్ను చూసి నవ్వుతూ, తల ఊపుతూ ఏదో తెలుగులో చెప్పుకుంటారు. నన్ను పొగుడుతున్నారనే ఇన్నాళ్ళూ అనుకున్నాను." ఆమె మా అమ్మను కిందినుంచి పైకి ఒకసారి చూశారు. "ఇల్లు మీదే. సామాన్లు ఎప్పుడు తెస్తారో తెచ్చుకోండి. వాళ్ళు వచ్చే నెల వస్తున్నారు. ఆ రోజు ఈ పెట్టెకు నీ ఫోను తగిలించాలి."

ఇల్లు దొరికిందని ఫోను చేస్తే వసంత అటువైపు ఏడ్చేసింది. "యాప్ ఏమీ తీయలేదు కదా మామా?" అని అడిగింది. "నెట్టు సరిగ్గా లేదు, అప్పురం, ఇంటికొచ్చాక చెప్తాను" అని పెట్టేశాను.

వియ్యాలవారు వచ్చే రోజు రానే వచ్చింది. అమ్మకు ఆ వారమంతా నిద్రలేదు. "మనోళ్ళని మనమే పట్టిస్తే ఏం బాగుంటాది?" అని ఒకటే గొణుగుడు. నేను కింద సౌండ్‌బార్‌కు ఫోను తగిలిస్తుంటే, అమ్మ వాకిట్లో ముగ్గు సరిచేస్తున్నట్టు వంగి, కారు దిగిన వాళ్ళ చెవిలో నాలుగు ముక్కలు వేసింది. అంతే! ఆ రోజు ఆ హాల్లో వినిపించిన తెలుగు ఇంకెక్కడా వినిపించి ఉండదు.

"మన వియ్యపురాలు బంగారం, నిండా బంగారం!" అని కోడలి తల్లి గట్టిగా, పెట్టె వైపు తిరిగి మరీ అంది.

"ఈ కాపీ తాగేకైనా నెలకొకతూరి రావాల" అన్నాడు తండ్రి, కళ్ళు మూసుకుని మింగుతూ.

సౌండ్‌బార్ ఒక్కొక్కటీ సెంతమిళంలో చదువుతుంటే ఇంటావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. మా బాబు పుట్టినప్పుడు వసంతకు పథ్యం వండిపెట్టింది ఆవిడే. ఇప్పుడు వాడు మా ఇంట్లోకంటే కింద ఆవిడ దగ్గరే ఎక్కువ ఉంటాడు. సుఖంగానే ఉన్నాం.

ఒక్కటే చిక్కు. ఆ పొగడ్తల రుచి మరిగిన ఇంటావిడ యాప్‌ను నాచేతే తన ఫోనులో వేయించుకున్నారు. పొద్దస్తమానం అది ఆన్‌లోనే ఉంటుంది. ఆమె ఫోను పెట్టేది మెట్ల పక్క గూట్లో. అంటే మేడ మీద మేం మాట్లాడే ప్రతి మాటా కింద సెంతమిళంలో వినిపిస్తుంది. తరతరాలుగా మా వాళ్ళు దాచుకున్న గుట్టును ఒక్క నేనే గంగలో కలిపాను. నేనూ వసంతా పోట్లాడుకోవాలంటే మాకిప్పుడు భాషే లేదు. చేతులతో పోట్లాడుకుంటున్నాం. ఆమె చేతులు నాకంటే బాగా మాట్లాడతాయి.

అందుకే ఇవాళ వరండాలో నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి, గట్టిగా, స్పష్టంగా, మా ఇంటి తెలుగులో ఒట్టు పెట్టుకున్నాను: "ఈ జన్మలో కొత్త యాప్ ముట్టను, ఎవురింటి పెట్టెకీ నా ఫోను తగిలించను, ఇది సత్యం, సత్యం, సత్యం!"

కాసేపటికి కిందినుంచి ఇంటావిడ కేక వినిపించింది.

"తంబీ! పోయిన వారం కూడా ఇదే చెప్పావు!"