సగం గీత

అద్దాలాయన కోపాన్ని అడిగినవాడికీ అడగనివాడికీ పంచిపెట్టేవాడు. చేతిలోని కట్టర్‌ని మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

ఆయన దుకాణం సన్నగా, పొడుగ్గా ఉండే ఒకే గది. గోడ పొడవునా నిలబెట్టిన అద్దాలు, మధ్యలో కంబళి పరిచిన పెద్ద బల్ల. అద్దం కోయడమంటే నిజానికి కోయడం కాదు. కట్టర్‌తో పైన గీత గీస్తారు, కింద చిన్నగా తడతారు, గీత వెంబడి అద్దం విడిపోతుంది. కాకపోతే ఆ గీత ఒక్క లాగుడులో పడాలి. సగంలో ఆగిందో, అద్దం తనకి నచ్చిన దారిన పగులుతుంది.

ఆయన బామ్మర్ది మీసాలు రాకముందే ఆ దుకాణంలో చేరాడు. ఇప్పుడా మీసాలు నెరుస్తున్నాయి. ఫొటోల అద్దాలు, కిటికీ ముక్కలు శుభ్రంగా కోస్తాడు. పెద్ద అద్దం దగ్గరికి వచ్చేసరికే తంటా. ఎప్పుడైనా బావని బతిమాలి గీత మొదలుపెట్టినా, సగానికి రాకముందే "ఆగాగు! చెయ్యి వంకర పోతోంది!" అంటూ బావ వచ్చి మణికట్టు పట్టుకునేవాడు. చెయ్యి ఆగేది, అద్దం అడ్డదిడ్డంగా పగిలేది. "చూశావా, నీ వల్ల కాదని చెప్పానా?" అనేవాడు బావ. అద్దం ఎవరి వల్ల పగిలిందో ఆ గదిలో ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

చివరికి మొరాయించింది ఆయన మణికట్టే. బొప్పి కట్టినట్టు వాచింది. ఇంకా కట్టర్ పట్టుకుంటే రేపు మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టుకోలేవన్నాడు డాక్టరు. సరిగ్గా అప్పుడే ఒక డాన్సు స్కూలు వాళ్ళు గోడంత అద్దాలు కావాలన్నారు. దానికి తోడు భార్య ఇంకో కబురు చెప్పింది.

"మా తమ్ముణ్ణి వేరే దుకాణం వాళ్ళు పిలిచారట. వెళ్ళిపోతానంటున్నాడు. మీకు చెయ్యి లేదు, వాడూ ఉండడు. షట్టర్ దించేసి తాళం నాకిచ్చేయండి."

"జీతం చాలట్లేదా వాడికి?"

"జీతం కాదండీ. గీత మొత్తం గీయనిచ్చే చోటు కావాలట."

ఆయనకి భయం వేసింది. భయం వేస్తే ఆయన మొహం గంటు పెట్టుకుంటాడు, చూసేవాళ్ళకి అదీ కోపంలాగే ఉంటుంది.

ఆ మొహంతోనే కూతురి పందేనికి వెళ్ళాడు. అమ్మాయి దేశం జట్టులో పరిగెడుతుంది. నలుగురు ఆడపిల్లలు ఒకరి తర్వాత ఒకరు పరిగెడుతూ ఒక కర్రని అందించుకుంటారు. కర్ర చేతులు మారడానికి నేల మీద రెండు గీతలుంటాయి. ఆ మధ్యలోనే ఇచ్చేయాలి. కూతురిది మూడో పరుగు. అందరికంటే ముందొచ్చింది. నాలుగో పిల్ల వెనక్కి చూడకుండా పరుగందుకుని చెయ్యి చాచింది. కూతురు కర్ర ఆ చేతిలో పెట్టింది గానీ వదల్లేదు. ఇద్దరూ ఒకే కర్ర పట్టుకుని గీత దాటేశారు. జట్టు మొత్తాన్ని పందెం నుంచి తీసేశారు.

ఇంటికొచ్చాక ఆయన ఇంకా రుసరుసలాడుతూనే ఉన్నాడు. "కింద పడకుండా గట్టిగా పట్టుకున్నావు కదే. అందులో తప్పేముంది?"

"అదే తప్పు నాన్నా. తను పట్టుకుందో లేదో అని అనుమానమొచ్చింది. వదల్లేకపోయా."

"ఆ పిల్లని వెనక్కి తిరిగి చూసి పట్టుకోమనొచ్చుగా!"

"తిరిగితే వేగం పోదూ? నేనిస్తానని తను నమ్మింది. నేనే తనని నమ్మలేదు." అంది కూతురు. "నా పరుగు బాగానే పరిగెత్తా నాన్నా. తన పరుగు పాడు చేశా."

"ఈ కథ ఎక్కడో విన్నట్టుందే," అంది భార్య గిన్నెలు సర్దుతూ. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు దుకాణంలో డాన్సు స్కూలు అద్దం బల్ల మీదకి ఎక్కింది. అద్దాలాయన కట్టర్ తీసి బామ్మర్దికిచ్చాడు.

"బావా, ముందే చెప్తున్నా," అన్నాడు బామ్మర్ది. "గీత మొత్తం గీయనిస్తే ఇక్కడే ఉంటా. సగంలో నా చెయ్యి పట్టుకున్నావంటే మాత్రం ఇవాళే వెళ్ళిపోతా."

"గియ్యరా. ఉపన్యాసాలెందుకు?"

కట్టర్ కీచుమంటూ కదిలింది. పావు వంతు నడిచింది. సగానికొచ్చింది. అద్దాలాయన తలెత్తితే గోడకున్న అద్దాలన్నింట్లోనూ ఒక ముసలాయన కనబడ్డాడు, చెయ్యి ముందుకు చాచి, నోరు తెరిచి. తనేనని తెలియడానికి క్షణం పట్టింది. సిగ్గేసింది. నోరు మూసి, వాచిన చేతిని రెండో చేత్తో పట్టుకుని వెనక్కి జరిగాడు.

బామ్మర్ది కింద తట్టాడు. అద్దం టక్కున, తిన్నగా విడిపోయింది.

ఆయనకి సంతోషమే వేసింది. తను వేలు పెట్టకుండానే ఇంత బాగా వచ్చినందుకు గుండెల్లో కలుక్కుమంది కూడా.

బామ్మర్ది రెండో కొలత చూసుకుంటూ, తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాచాడు. "బావా, స్కేలు."

అద్దాలాయన స్కేలు ఆ చేతిలో పెట్టాడు. బామ్మర్ది వేళ్ళు బిగుసుకున్నాయి. ఆయన వేళ్ళు ఇంకా దాన్ని పట్టుకునే ఉన్నాయి.

"బావా," అన్నాడు బామ్మర్ది మళ్ళీ, వెనక్కి చూడకుండా.

ఆయన వదిలేశాడు.