ఎటు డాక్టరుగారు

ఆ డాక్టరుగారికి దారి గుర్తుండదు. ఇరవై ఆరేళ్లుగా అదే ఆసుపత్రిలో పనిచేస్తూ కూడా, గదిలోంచి బయటికొచ్చిన ప్రతిసారీ కారిడార్‌లో నిలబడి "ఎటు?" అని అడిగేవారు. అందుకే అందరూ ఆయన్ని ఎటు డాక్టరుగారు అనేవాళ్లు. ఆయన్ని వెతికి పట్టుకొచ్చే పని మాత్రం పెద్ద సిస్టరు నెత్తిన పడింది.

చనిపోయినవాళ్లు దానమిచ్చిన క్లోమం నుంచి ఇన్సులిన్ తయారుచేసే కణాలు తీసి, షుగరు రోగి కాలేయానికి వెళ్లే రక్తనాళంలోకి ఎక్కించడం ఆయన పరిశోధన. మొదటి పదేళ్లూ ఆ కణాలు తెల్లారేసరికి చచ్చిపోయేవి. ఆయన మాత్రం వదల్లేదు.

"కడుపులో సన్నటి నాళం కూడా చూడకుండా చెప్తారు కదా, క్యాంటీన్ ఎందుకు కనబడదు సార్?" అని సిస్టరు ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

"కడుపులో ఎవరూ గదులు మార్చరు సిస్టర్," అన్నారాయన.

ప్రొఫెసరు పదవికి ఇంటర్వ్యూ రోజున పక్కగదిలోకి వెళ్లి, లైబ్రేరియన్ ఉద్యోగానికి అరగంట జవాబులు చెప్పి వచ్చారు. "పుస్తకాల గురించే అడుగుతున్నారేంటా అనుకున్నాను," అన్నారు. ఆ ఉద్యోగం ఆయనకే వచ్చింది. ప్రొఫెసరు పదవికి ఇంకో ఏడాది ఆగాల్సి వచ్చింది.

ఆయన రోగుల్లో ఒక బస్సు డ్రైవరు ఉన్నాడు. చెప్పాపెట్టకుండా షుగరు పడిపోయి స్పృహ తప్పేవాడు. దాంతో స్టీరింగ్ వదలాల్సి వచ్చింది. కణాలు ఎక్కించాక ఎనిమిది నెలలు సూది లేకుండా దర్జాగా తిరిగాడు. తర్వాత అవి పనిచేయడం మానేశాయి. మళ్లీ ఆసుపత్రిలో చేరి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడడు, మంచం దిగడు. సిస్టరు బతిమాలింది, కసిరింది. లాభం లేకపోయింది.

ఒక మధ్యాహ్నం ఎటు డాక్టరుగారు ఆ గదిలోకి తొంగిచూశారు. "ఆపరేషన్ థియేటర్ ఇదేనా?"

డ్రైవరు తల తిప్పాడు. "ఇది మూడో అంతస్తు సార్. థియేటరు కింద."

"ఎటు?"

"లిఫ్టు దాటి ఎడమకి. మెట్లు దిగి కుడికి."

"ఎడమకి దిగి..."

"దిగేది తర్వాత సార్. ఉండండి, నేనొస్తా. మీకు చెప్పేకంటే దింపి రావడం తేలిక." చెప్పులు వేసుకుని బయల్దేరాడు.

మర్నాడూ అదే తంతు. నాలుగోరోజుకి డ్రైవరు తల దువ్వుకుని గుమ్మంలో నిలబడి, "ఇవాళ లేటయ్యారు," అని డాక్టరుగారినే మందలించాడు. మెట్ల దగ్గర మెల్లగా అడిగాడు. "నా కణాలు ఎందుకాగిపోయాయి సార్?"

"తెలీదయ్యా. వెతుకుతున్నాను."

"మీరు వెతికితే దొరికినట్టే," అని డ్రైవరు నవ్వాడు. చేరాక అతను నవ్వడం అదే మొదలు.

వెనకే వస్తున్న సిస్టరుకి అనుమానం వచ్చింది. ఆ వారం డాక్టరుగారికి ఆపరేషన్లే లేవు. వాకబు చేస్తే, పోయినేడు కణాలు ఆగిపోయిన టీచరమ్మ గదిలోనూ ఆయన నెల్లాళ్లు దారి తప్పారని తెలిసింది. ఆవిడా రోజూ దిగబెట్టి వచ్చేదట.

సాయంత్రం ఆయన్ని నిలదీసింది. "నిజం చెప్పండి సార్. మీకు దారి తెలుసా, తెలీదా?"

"కొన్ని గదులకి తెలుసు సిస్టర్. వస్తాను," అని హుందాగా పక్క తలుపు తీసుకుని లోపలికి వెళ్లారు.

అది చీపుళ్లు పెట్టే గది. లోపల బకెట్లు దొర్లిన చప్పుడైంది. తలుపు కొట్టాలో, ఏమీ చూడనట్టు వెళ్లిపోవాలో తెలియక సిస్టరు అక్కడే నిలబడిపోయింది.